ఊరి వాటర్ ప్లాంటుకు సీఎస్‌ఆర్ నిధులు: ప్రపోజల్ రెండుసార్లు తిరిగొచ్చింది, ఎక్కడ సరిచేయాలి?

దొనకొండ రోడ్డు

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, దర్శి నియోజకవర్గంలో ఒక పల్లె. 310 ఇళ్ళు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో ఒక బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే లీటరుకు 2.8 మిల్లీగ్రాములని రిపోర్టు వచ్చింది. మా సొసైటీ 2001 చట్టం కింద రిజిస్టరై నాలుగేళ్ళు దాటింది. ఆదాయపు పన్ను వాళ్ళిచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్ నిధులు (కంపెనీలు లాభంలో కొంత సమాజానికి పెట్టే డబ్బు) తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 నంబరు, మూడూ ఉన్నాయి. గంటకు 1000 లీటర్ల ఆర్‌ఓ (సన్నటి పొరల గుండా నీటిని శుద్ధి చేసే) ప్లాంటు కోసం రెండు కంపెనీలకు ప్రపోజల్ పంపాం. ఒకచోట నుంచి జవాబే లేదు. రెండోచోట "సస్టెయినబిలిటీ స్పష్టంగా లేదు" అని, అంటే మా డబ్బు అయిపోయాక ప్లాంటు ఎలా నడుస్తుందో తెలియడం లేదని, ఒక్క ముక్క రాసి పంపారు.

మా మొదటి పేరా ఇదీ:

"మా గ్రామ ప్రజలు ఎన్నో ఏళ్ళుగా ఫ్లోరైడు భూతంతో అల్లాడుతున్నారు. పిల్లల నుంచి ముసలివారి దాకా అందరూ రోగాల బారిన పడుతున్నారు. పేద ప్రజలకు సురక్షితమైన మంచినీరు అందించి ఫ్లోరోసిస్‌ను సమూలంగా నిర్మూలించడమే మా సంస్థ ధ్యేయం. కావున తమరు దయతలచి 14 లక్షల రూపాయలు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన."

బడ్జెట్ మూడు లైన్లు: ప్లాంటు 7 లక్షలు, షెడ్డు 4 లక్షలు, ఇతర ఖర్చులు 3 లక్షలు. ఇందులో ఏది మార్చాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఏ నెలలో పంపాలి? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

సీఎస్‌ఆర్ డెస్కు

దొనకొండ రోడ్డు గారూ, ఆ పేరా సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీకి సరిపోతుంది. ప్రపోజల్ చదివే మనిషి దయ తలిచి డబ్బు ఇవ్వలేరు. ఆ కాగితాన్ని వాళ్ళు పైన కమిటీకి పెట్టాలి, కమిటీ బోర్డుకు పెట్టాలి. అక్కడ అడిగే ప్రశ్నలకు జవాబు మీ కాగితంలోనే దొరకాలి. మీ పేరాలో 14 లక్షలు తప్ప ఒక్క అంకె లేదు. చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉండి కూడా 2.8 అన్న అంకె రాయలేదు చూడండి, నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే.

"సమూలంగా నిర్మూలించడం" అన్న మాట ముందు తీసేయండి. ఫ్లోరోసిస్‌తో గార పట్టిన పళ్ళు మంచినీళ్ళు తాగినంత మాత్రాన తెల్లబడవు. వంగిపోయిన ఎముకలు తిరిగి నిటారు కావు. శాశ్వత దంతాలకు ఫ్లోరైడు దెబ్బ తగిలేది అవి చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఇవాళ మూడేళ్ళున్న పిల్లకు మీ నీళ్ళు చేసిన మేలు ఆ పిల్ల పళ్ళలో కనపడాలంటే ఏళ్ళు పడుతుంది. ఒక్క ఏడాది ప్రాజెక్టులో ఆ మాట ఇస్తే, విషయం తెలిసినవాళ్ళు అక్కడే ఫైలు మూసేస్తారు. మీరు నిలబెట్టుకోగలిగిన మాట ఒకటుంది: ఎన్ని ఇళ్ళవాళ్ళు, ఎంత ఫ్లోరైడు ఉన్న నీళ్ళు, దేనికి వాడుతున్నారు. అది రాయండి.

అందుకు ముందు ఊళ్ళో సర్వే జరగాలి. 310 ఇళ్ళకు శాంపిలు అక్కర్లేదు, అన్నీ తిరగొచ్చు. ఇంటికి పది నిమిషాలు, మనిషికి రోజుకు 40 ఇళ్ళు, నలుగురైతే రెండు రోజుల పని. అడగాల్సినవి కొన్నే: తాగే నీళ్ళు ఎక్కడివి, వంట నీళ్ళు ఎక్కడివి, రోజుకు ఎన్ని బిందెలు, క్యాను కొంటుంటే ఎంతకు, 5 రూపాయలకు ఇస్తే రోజూ తెచ్చుకుంటారా, తెచ్చేది ఎవరు. వంట ప్రశ్నను వదలొద్దు. మంచినీళ్ళు తాగి, అన్నం మాత్రం బోరు నీళ్ళతో వండితే ఫ్లోరైడు లోపలికి పోతూనే ఉంటుంది. మరగబెడితే అది పోదు, నీళ్ళు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. నలుగురున్న ఇంటికి తాగడానికీ వంటకీ కలిపి రోజుకు 20 లీటర్లు, అంటే ఒక క్యాను లెక్క వేసుకోండి.

ఒక బోరు రిపోర్టు చాలదు. జనం తాగే ప్రతి బోరు నుంచీ నీళ్ళు పట్టండి. ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి, ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా వాడొద్దు. సీసా మీద బోరు ఎక్కడిదో, ఏ తేదీన పట్టారో రాయండి.

అప్పుడు మొదటి పేరా ఇలా వస్తుంది. 310, 2.8 మీవి. మిగతా అంకెలు నమూనాకు వేశాను, మీ సర్వేలో తేలినవి పెట్టుకోండి:

"గ్రామంలో 310 ఇళ్ళు, 1,190 మంది. తాగడానికి వాడే మూడు బోర్లలో ఫ్లోరైడు లీటరుకు 2.1, 2.6, 2.8 మి.గ్రా. (ల్యాబ్ రిపోర్టులు: అనుబంధం 1). తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 1.0 లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతి. 92 ఇళ్ళవారు క్యాను 15 రూపాయలకు కొంటున్నారు, 218 ఇళ్ళవారు బోరు నీళ్ళే తాగుతున్నారు (ఇంటింటి సర్వే: అనుబంధం 2). ప్లాంటు మొదలైన 12 నెలలకు కనీసం 186 ఇళ్ళవారు తాగడానికీ వంటకూ 1.0 లోపు ఫ్లోరైడు ఉన్న నీళ్ళు వాడేలా చేయడం ఈ ప్రాజెక్టు లక్ష్యం."

186 అంటే 310లో 60 శాతం. నూటికి నూరు రాస్తే ఎవరూ నమ్మరు.

ఇంకో ప్రశ్న కచ్చితంగా వస్తుంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2019 నుంచి నడుస్తోంది, మనిషికి రోజుకు 55 లీటర్లు కుళాయిలో ఇవ్వాలన్నది దాని లెక్క. "మీ ఊరికి కుళాయి లేదా? ఉంటే ప్లాంటు ఎందుకు?" అంటారు. దీనికి జవాబు లేకుండా మళ్ళీ పంపొద్దు. మీ ఊళ్ళో పరిస్థితి ఏమిటో ఇక్కడ చెప్పండి.

ఒంగోలు ఆడిట్

బడ్జెట్ సంగతి నేను చెప్తా. 14 లక్షల్లో 3 లక్షలు "ఇతర ఖర్చులు" అంటే ఐదో వంతు పైనే. చూసేవాళ్ళ కన్ను ముందు అక్కడే పడుతుంది. ఆ లైను ఉండకూడదు. అందులో మీరు మనసులో అనుకున్నవి ఏమిటో బయటికి రాయండి: కరెంటు కనెక్షన్ డిపాజిట్టు, బోరు నుంచి షెడ్డుకు పైపు, రా వాటర్ (శుద్ధి చేయని నీళ్ళ) ట్యాంకు, స్టీలు ట్యాంకు, వేస్టు నీళ్ళ కాలువ, మొదటి మూడు నెలల ఆపరేటర్ జీతం, నీటి పరీక్షలు, ఆడిట్ ఫీజు. ఒక్కో లైనుకు ఎన్ని, ఒక్కోటి ఎంత, మొత్తం ఎంత, ఆ ధర ఎక్కడి నుంచి వచ్చింది. నాలుగు గడులూ నిండాలి. ప్లాంటుకు మూడు కొటేషన్లు జతచేయండి. మూడింటిలోనూ ఒకే స్పెసిఫికేషన్ ఉండాలి. ఒకదాంట్లో స్టీలు ట్యాంకు కలిపి, ఇంకోదాంట్లో కలపకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

కొటేషన్‌లో అడుగున చిన్నక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంటుంది. మీ సొసైటీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు) రాదు కాబట్టి ఆ పన్ను మొత్తం మీ ఖర్చే. 18 శాతం పన్నయితే 7 లక్షల మీద 1,26,000. బడ్జెట్‌లో వదిలేస్తే షెడ్డు డబ్బు అటు పోతుంది, షెడ్డు గోడల దగ్గర ఆగిపోతుంది. రవాణా, బిగింపు కూడా ధరలో ఉన్నాయో లేదో అడిగి రాయించుకోండి.

ఆఫీసు ఖర్చు, కోఆర్డినేటర్ జీతం అడగడానికి చాలామంది జంకుతారు. సీఎస్‌ఆర్‌లో 5 శాతం మించకూడదని ఎవరో చెప్పి ఉంటారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత పరిపాలన ఖర్చు మీద. మీ ప్రాజెక్టు నడపడానికి మీకయ్యే ఖర్చుకు ఆ రూలు వర్తించదు. కంపెనీ తన పాలసీలో ఏదైనా హద్దు పెట్టుకుని ఉంటే అది వేరు, ముందే అడగండి. ఆడిట్ ఫీజు, ప్రయాణాలు దాచిపెట్టి ప్లాంటు ధరలో కలపడం మాత్రం పెద్ద తప్పు. బిల్లులు పెట్టే రోజున బయటపడుతుంది.

ఆస్తి ఎవరిది అన్నది విడిగా ఒక పేరా రాయాలి. సీఎస్‌ఆర్ డబ్బుతో కొన్న ఆస్తిని సీఎస్‌ఆర్ నంబరున్న సొసైటీ లేదా ట్రస్టు గానీ, లబ్ధిదారుల సంఘం గానీ, పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థ గానీ ఉంచుకోవచ్చు. కంపెనీ పేరున ఉండడానికి వీల్లేదు. మీరు వీటిలో ఏదో ఒకటి తేల్చి రాయకపోతే వాళ్ళ లీగల్ వాళ్ళ దగ్గర ఫైలు ఆగుతుంది.

డబ్బు ఒకేసారి రాదు. మాటవరసకు 40, 40, 20 శాతం చొప్పున మూడు విడతలనుకోండి. మొదటి విడత ఖర్చుపెట్టి, వినియోగ పత్రం (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం) ఇస్తేగానీ రెండోది రాదు. 14 లక్షల్లో 40 శాతం 5,60,000. ప్లాంటు సప్లయర్‌కు 7 లక్షలు ముందే కట్టాలంటే మీ దగ్గర డబ్బుండదు. అందుకే పనుల క్రమాన్ని విడతలకు తగ్గట్టు పెట్టండి: మొదటి విడతలో షెడ్డు, కరెంటు, ప్లాంటుకు అడ్వాన్సు. రెండో విడతలో ప్లాంటు మిగతా డబ్బు. ఆఖరి 20 శాతం మీద ఎవరి జీతమూ ఆధారపడేట్టు పెట్టొద్దు, అది ఆలస్యమవుతుంది.

మెంబ్రేను

సస్టెయినబిలిటీ అన్నారు కదా, దానికి జవాబు రెండు వాక్యాల్లో రాయబాకండి, అంకెల్లో రాయండి. మీ 310 ఇళ్ళకే లెక్క వేసి చూపిస్తా. రేట్లు మీ కొటేషన్ ప్రకారం మార్చుకోండి.

క్యాను 5 రూపాయలు. కరెంటు, కెమికల్, ఫిల్టర్ కార్ట్రిజ్‌లు కలిపి క్యానుకు ఒక రూపాయి పోతుందనుకోండి. మిగిలేది 4. ఇక క్యాన్లు అమ్మినా అమ్మకపోయినా నెలనెలా అయ్యే ఖర్చు: ఆపరేటర్‌కు 10,000, రిపేర్లకు 2,000, లెక్కలు రాసే మనిషికి 500, నీటి పరీక్షకు 300, మెంబ్రేన్ల (ఆర్‌ఓలో నీటిని శుద్ధి చేసే పొరల) నిధికి 1,667. ఆ ఆఖరి అంకె ఎట్లా వచ్చిందంటే, గంటకు 1000 లీటర్ల ప్లాంటుకు మామూలుగా 4040 సైజు మెంబ్రేన్లు నాలుగు ఉంటాయి. ఒక్కోటి 15,000 చొప్పున 60,000. మూడేళ్ళకు మార్చాలనుకుంటే 36 నెలలకు పంచితే 1,667. మొత్తం 14,467.

60 శాతం ఇళ్ళకు ఇంటికొకటి చొప్పున రోజుకు 186 క్యాన్లు పోతే నెలకు 5,580 క్యాన్లు, 4 రూపాయల చొప్పున 22,320. ఖర్చు పోను 7,853 మిగులు. అదే 35 శాతం ఇళ్ళే వస్తే 108 క్యాన్లు, నెలకు 12,960. నెలకు 1,507 నష్టం. రెండూ సమానమయ్యేది 121 క్యాన్ల దగ్గర, అంటే 39 శాతం ఇళ్ళు. ఈ 121 అన్న అంకె ప్రపోజల్‌లో ఉండాలి. "రోజుకు 121 క్యాన్ల కంటే రెండు నెలలు వరసగా తగ్గితే ఏం చేస్తాం" అన్నది కూడా పక్కనే ఉండాలి: ఇంటింటికీ ఆటోలో పంపడమా, పక్క ఊరికి అమ్మడమా, ఆపరేటర్‌ను పూటమనిషిగా మార్చడమా. ఏదో ఒకటి తేల్చుకుని రాయండి.

మూలబడ్డ ప్లాంట్లలో కనపడేది దాదాపు ఒకటే వరస. మొదటి రెండేళ్ళు బాగా నడుస్తుంది, వచ్చిన డబ్బు గుడికో జాతరకో వాడుకుంటారు, మూడో ఏట మెంబ్రేన్లు పూడుకుపోతాయి, 60,000 ఎవరి దగ్గరా ఉండవు, తాళం పడుతుంది. ఇది నిధులిచ్చేవాళ్ళకు బాగా తెలుసు. అందుకే మెంబ్రేన్ల నిధికి విడిగా బ్యాంకు ఖాతా, ఇద్దరు సంతకాలు చేస్తేగానీ తీయడానికి వీల్లేదని రాయండి.

వేస్టు నీళ్ళ సంగతి మీ కాగితంలో లేనే లేదు. సగం నీళ్ళు శుద్ధయితే సగం బయటికి పోతాయి. 186 క్యాన్లంటే 3,720 లీటర్లు, అన్నే లీటర్లు కాలువలోకి. ఉన్న ఫ్లోరైడంతా దాదాపు ఆ సగంలోకే చేరుతుంది కాబట్టి 2.8 ఉన్న నీళ్ళు అక్కడికి 5.5 దాకా వస్తాయి. ఆ నీళ్ళు గొడ్ల తొట్టిలోకి పోనివ్వబాకండి, తాగే బోరు పక్కన ఇంకనివ్వబాకండి. స్కూలు మరుగుదొడ్లకో బండ్లు కడగడానికో ట్యాంకులో పట్టి వాడొచ్చు. ఆ ట్యాంకు, పైపు బడ్జెట్‌లో పెట్టండి.

కొటేషన్ తెచ్చుకునే ముందు బోరు నీళ్ళకు ఫ్లోరైడు ఒక్కటే కాదు, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం), గట్టిదనం (కఠినత్వం) కూడా పరీక్ష చేయించండి. గట్టిదనం ఎక్కువుంటే యాంటీస్కేలంట్ డోసింగ్ (పొరల మీద గార కట్టకుండా మందు కలపడం) లేకుండా మెంబ్రేన్లు ఏడాది కూడా నిలవవు. టీడీఎస్ తక్కువుండి ఫ్లోరైడు ఒక్కటే సమస్యయితే ఫ్లోరైడును పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు కూడా ఆలోచించొచ్చు. వేస్టు నీళ్ళు చాలా తగ్గుతాయి, కాకపోతే దాన్ని రసాయనాలతో మళ్ళీ మళ్ళీ కడిగి పనిచేసేట్టు చేయాలి (రీజనరేషన్), అది చేతకాని ఊళ్ళో మొరాయిస్తుంది. ఎందుకు ఆర్‌ఓనే ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో రాస్తే, మీరు సప్లయర్ చెప్పింది విని కాదు, ఆలోచించి వచ్చారని తెలుస్తుంది.

దొనకొండ రోడ్డు

అందరికీ ధన్యవాదాలు అన్నా. కుళాయిలు ఉన్నాయి. సాగర్ కాలువ నీళ్ళు వారానికి రెండు రోజులు, అదీ గంట సేపు వస్తాయి. ఎండాకాలంలో అదీ గ్యారంటీ లేదు. జనం వాడకానికే పట్టుకుంటారు, రంగు ఉంటాయని తాగరు. ప్లాంటుకు స్థలం పంచాయతీ ఇస్తామంటోంది. నడపడానికి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య ముందుకొచ్చింది.

సీఎస్‌ఆర్ డెస్కు

అలాగైతే ప్రపోజల్ ముట్టుకోకముందే ఒక పని చేయండి: ఆ కుళాయి నీళ్ళు పట్టి ఫ్లోరైడు పరీక్ష చేయించండి. కాలువ నీళ్ళలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువుంటుంది. 1.0 లోపు వస్తే మీ ఊరికి కావాల్సింది ఆర్‌ఓ కాకపోవచ్చు. వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళను నిలవ చేసుకునే సంపు, వడపోతకు ఫిల్టరు, క్లోరినేషన్. వేస్టు నీళ్ళుండవు, మెంబ్రేన్ల ఖర్చుండదు. లెక్క చూసుకోండి: రోజుకు 186 క్యాన్లంటే 3,720 లీటర్లు, నాలుగు రోజుల నిలవకు 15,000 లీటర్ల సంపు సరిపోతుంది. ఎండాకాలం నీళ్ళు ఎన్ని రోజులు ఆగుతాయో మూడు నెలలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టి ఆ కాగితం జతచేయండి. ఎక్కువ రోజులు ఆగుతాయని తేలితే ఆర్‌ఓ అవసరమని మీ క్యాలెండరే చెప్తుంది, "కుళాయి ఉంది కదా" అన్న ప్రశ్నకు అదే జవాబు.

ఎవరికి పంపాలన్నది: నికర లాభం 5 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తుల విలువ) 500 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కంపెనీ సీఎస్‌ఆర్ పరిధిలోకి వస్తుంది. గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. తమ పని జరిగే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది కాబట్టి హైదరాబాద్, ముంబై వైపు చూడకముందు చీమకుర్తి గ్రానైట్ కంపెనీల వైపు, కృష్ణపట్నం చుట్టూ ఉన్న పరిశ్రమల వైపు చూడండి. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. తెరిచి చదవండి. నాలుగేళ్ళుగా చదువు మీదే పెడుతున్న కంపెనీకి నీళ్ళ ప్రపోజల్ పంపి ఎదురుచూడడం వృథా.

నెల సంగతి. ఏడాది ప్రణాళికను చాలా కంపెనీలు ఏప్రిల్, జూన్ మధ్య ఖరారు చేస్తాయి. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో మీ కాగితం వాళ్ళ చేతిలో ఉండాలి. అదే నెలల్లో కొందరి దగ్గర మిగులు డబ్బు కూడా ఉంటుంది. కానీ దాన్ని మార్చి 31 లోపు ఖర్చుపెట్టి బిల్లులు ఇవ్వమంటారు. షెడ్డుకు పునాది కూడా పడకుండా ఆ మాట ఒప్పుకోవద్దు. మార్చి దాటే పనయితే మొదటినుంచే కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదించమని అడగండి. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ళ దాకా అలా నడపొచ్చు.

ఒంగోలు ఆడిట్

పంచాయతీ నోటిమాట చాలదు, తీర్మానం కావాలి. తీర్మానం నంబరు, తేదీ, పంచాయతీ కార్యదర్శి సంతకంతో నకలు తీసుకోండి. అందులో సర్వే నంబరు, స్థలం కొలత (20 అడుగులు × 15 అడుగులు అని), ఎన్నేళ్ళకు ఇస్తున్నారు (పదేళ్ళయినా ఉండాలి), కరెంటు మీటరు ఎవరి పేరున, బిల్లు ఎవరు కట్టాలి, వేస్టు నీళ్ళు ఏ కాలువలోకి పోవాలి, క్యాను రేటు మార్చాలంటే గ్రామసభలో పెట్టాలి, ఇవన్నీ ఉండాలి. గ్రామ సమాఖ్య తరఫున కూడా విడిగా తీర్మానం రాయించండి: రోజువారీ నిర్వహణ మాది, రసీదు పుస్తకం, నగదు పుస్తకం మేం రాస్తాం, ప్రతి నెల ఐదో తేదీలోపు లెక్కలు సచివాలయం బోర్డు మీద అంటిస్తాం అని. స్థలం సర్వే నంబరు పోరంబోకుదైతే అది పంచాయతీ ఇవ్వగలిగిన స్థలమేనా అని ముందే వీఆర్‌ఓను అడిగి అడంగల్‌లో చూసుకోండి. డబ్బు వచ్చాక అభ్యంతరం పడితే ఖాతాలో డబ్బు అట్లాగే ఉండిపోతుంది.